పదకొండు మైళ్ల కారు

"చెయ్యి తియ్! కారు మీద నుంచి చెయ్యి తియ్!"

గ్లెన్ వాండర్‌మీర్ అరుపుకి పార్కింగులో ఉన్నవాళ్లంతా కాఫీ కప్పులు పట్టుకుని ఇటు తిరిగారు.

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డెట్రాయిట్ శివార్లలో శనివారం పొద్దున కార్ల పిచ్చోళ్లంతా చేరే చోటది. ఎవరి బండి వాళ్లు తోలుకొస్తారు. గ్లెన్ మాత్రం తన కారుని ట్రైలర్ మీద పెట్టి తెస్తాడు.

ఆయన పళ్ల డాక్టరు. కారు కొని ఐదేళ్లయింది. తిరిగింది పదకొండు మైళ్లు, అవీ కంపెనీవాళ్లు తిప్పినవే. సీట్ల మీద ప్లాస్టిక్ తియ్యలేదు. గీత పడుతుందని బానెట్ కూడా ఎత్తలేదు. ఆరువందల గుర్రాల బలమున్న బండిని పింగాణీ కప్పులా దాచుకున్నాడు మహానుభావుడు!

"ఒక్కసారి స్టార్ట్ చేస్తారా డాక్టరు గారూ?" అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

"వినాలని."

గ్లెన్ పగలబడి నవ్వాడు. "ఇదేమన్నా పాటకచేరీనా? నువ్వొచ్చిందీ ఈ మోడల్‌లోనేగా! పోయి దాన్ని విను."

నిజమే. ముసలాయన కారూ అదే. ముందంతా రాళ్ల దెబ్బలు, పక్క సీటు నిండా కుక్క వెంట్రుకలు, మీటర్లో లక్షా పాతికవేల మైళ్లు.

"దాన్ని రోజూ వింటూనే ఉన్నా. దీన్ని వినలేదు."

"అన్నీ ఒకటే పెద్దాయనా."

"కాదండీ. ఏ ఇంజన్ గొంతు దానిదే." ముసలాయన గొంతు తగ్గించాడు. "నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిచెవిలోనూ గడ్డ ఉందన్నారు. మంగళవారం ఆపరేషన్. ప్రాణం దక్కుతుందిట, వినికిడి దక్కదుట. ఈలోగా వినాలని..."

చుట్టూ చేరినవాళ్లకీ వినపడింది.

"బటన్ నొక్కితే నీ సొమ్మేం పోయింది గ్లెన్?" ఎవరో అన్నారు.

"మీకేం, ఎన్నైనా చెబుతారు! స్టార్ట్ చేసిన ప్రతిసారీ కారు కంప్యూటర్లో పడుతుంది. కొనేవాడు మొదట చూసేది అదే. వచ్చే నెల వేలానికి పెడుతున్నా. ఇది కారు కాదు, నా రిటైర్మెంటు."

ముసలాయన మొహం పాలిపోయింది. "అమ్మేస్తారా? ఒక్కసారైనా నడపకుండానా? అసలు దీన్ని నేను..."

"కథలొద్దు. ట్రైలర్ కదలాలి, తప్పుకో."

ముసలాయన కాసేపు కుడిచెవి కారు వైపు పెట్టి అలాగే నిలబడ్డాడు. తర్వాత తన బండెక్కి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు వేలం సంస్థ నుంచి ట్రిష్ అనే ఆవిడ కారు చూడ్డానికి గ్లెన్ ఇంటికొచ్చింది. చేతులకు తొడుగులేసుకుని బానెట్ ఎత్తింది.

"అబ్బో!"

"ఏమైంది? గీత పడిందా?"

"మీ పంట పండింది డాక్టరు గారూ. ఈ ఇంజన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే బిగిస్తాడు. బిగించినాయన సంతకంతో ఇదుగో, ఈ చిన్న రేకు అతికిస్తారు. ఆర్లిస్ టెనాంట్! ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని మించినవాడు లేడు. రిటైరయ్యే ముందు ఆయన బిగించిన ఆఖరి ఇంజన్ మీదే."

"అయితే?"

"ఆయన వచ్చి కారు మీద సంతకం పెడితే ధర రెండింతలు. ఇల్లు కూడా ఇక్కడికి ఏడు మైళ్లే."

ఆ మధ్యాహ్నమే కారుని ఆయనింటికి తీసుకెళ్దామంటే ట్రైలర్ వాడు రానన్నాడు. రెండింతలు వస్తుంటే ఏడు మైళ్లు ఓ లెక్కా అనుకుని, గ్లెన్ ప్లాస్టిక్ మీదే కూర్చుని బటన్ నొక్కాడు.

గుండె ఝల్లుమంది. ఇంత గొంతు ఉందా దీనికి!

నది పక్క రోడ్డు మీద మలుపులు మొదలయ్యాయి. భయం భయంగా తొక్కాడు. తర్వాత భయం లేకుండా తొక్కాడు. యాభై మూడేళ్ల పళ్ల డాక్టరు ఒక్కడే కారులో కూర్చుని కేకలు పెట్టి నవ్వాడు.

ఐదేళ్లు దీన్నా గదిలో పెట్టి తాళం వేశాను! వెధవని, ఒట్టి వెధవని!

వెళ్లాల్సిన ఇల్లు దాటిపోయి, ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. ఇక దీన్ని చస్తే అమ్మననుకున్నాడు. సంతకం వద్దు, ఏం వద్దు. ఆ టెనాంట్ ఎవరో గానీ, ఆయనకు దణ్ణం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పాలి.

ఇంటి ముందు ఒకాయన అటు తిరిగి టమాటా మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. గ్లెన్ ఆయన వెనకే ఆపి, ఉత్సాహం పట్టలేక ఇంజన్ని గట్టిగా మోగించాడు.

కిటికీ అద్దాలు అదిరాయి. పక్కింటి కుక్కలు మొరిగాయి.

ఆయన తిరగలేదు.

మళ్లీ మోగించాడు. అయినా తిరగలేదు.

లోపల్నుంచి ఆయన భార్య పరుగున వచ్చింది. "ఆపు నాయనా! ఎంత మోగించినా ఆయనకి వినపడదు. పది రోజుల కిందట ఆపరేషనైంది."

గ్లెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మంగళవారమా?"

"అవును. నీకెలా తెలుసు?"

గ్లెన్‌కి ఇంజన్ ఆపాలని కూడా తోచలేదు.

ఆవిడ కారు వంక చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "ఇదేనా అది? ఇంజన్ల ఫ్యాక్టరీలో పెట్రోలు పొయ్యకుండా ఊరికే తిప్పి చూసి, కారుకి ఎక్కించడానికి వేరే చోటికి పంపించేస్తారయ్యా. ఆఖరిదాని గొంతైనా వినాలని, కారు నంబరు పట్టుకుని ఎన్ని ఊళ్లు తిరిగాడో!"

ఆవిడ వెళ్లి భర్త భుజం తట్టింది.

తలకు కట్టుతో మెల్లగా ఇటు తిరిగిన ఆర్లిస్ టెనాంట్, దీన్ని ఒక్కసారి వినిపించమని పార్కింగులో గ్లెన్‌ని బతిమాలిన ఆ ముసలాయనే.