మూడు వేళ్ళ బొమ్మ

“ఎడమ కాలికి మూడే వేళ్ళున్నయేందమ్మా?”

భూతద్దంలోంచి చూస్తూ అడిగాడు వామనరావు. గోదావరిఖని బడిలో పిల్లల ప్రదర్శనకు మార్కులు వేసేది ఆయనే. గనిలో వెల్ఫేర్ ఆఫీసరు కూడా ఆయనే. బొమ్మ చేసిన సువార్త తల వంచుకుంది.

బల్లమీద బొటనవేలంత మనిషి. డ్యూటీ దిగి, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అంతా కాగితమే. గనిలో మిషన్లు బిగించడానికొచ్చిన జపాను ఇంజనీరు సువార్త తండ్రికి ఇచ్చిపోయిన కాగితం. చెట్టు బెరడుతో చేస్తారట, తడిపి మెలితిప్పినా చిరగదు. టోపీ మీది దీపం, బూట్ల లేసులు కూడా ఆ కాగితం పోగులే.

“ఫస్టు ప్రైజు దీనికే ఇద్దామనుకున్న. కొత్తగూడెం ఎగ్జిబిషన్‌కు నిన్నే పంపుదామనుకున్న. గీ తప్పుతోని ఎట్ల పంపాలె? నవ్వుతరు.”

“చెప్పవే, మర్శినవా?” అనసూర్య టీచరు మోచేత్తో పొడిచింది. “నెల రోజులు కూసొని చేసిందట సార్. వేళ్ళు లెక్కపెట్టుడే రాలె!”

పిల్లలు గొల్లుమన్నారు. సువార్త గుమ్మం వైపు చూసింది. మొదటి షిఫ్టు దిగి, బొగ్గు మొహంతోనే వచ్చి నిలబడి ఉన్నాడు తండ్రి ఆమోసు.

“మర్శినట్టుంది సార్, చిన్నపిల్ల,” అంటూ ఆయన గబగబా లోపలికొచ్చాడు. “అంటియ్యి బిడ్డా, రెండు వేళ్ళే గద.”

“వద్దు బాపూ. ఇట్లనే ఉండాలె.”

“అంటియ్యిమన్న గద!”

ఎన్నడూ గద్దించని గొంతు. అందులో వణుకు సువార్తకొక్కదానికే వినపడింది. మిగిలిన కాగితం ముక్కను నాలుకకు తడుపుకుని, నువ్వుగింజంత వేళ్ళు రెండు నులిమి, గంజితో అంటించింది.

వామనరావు మళ్ళీ భూతద్దం పెట్టాడు.

“ఆఁ! ఇప్పుడు మనిషయ్యిండు.”

అందరూ చప్పట్లు కొట్టారు. సువార్త తలెత్తలేదు.

ఇంటికి రాగానే ఆమోసు తలుపు గడియ పెట్టి, ఎడమ బూటు విప్పాడు. ముందు భాగంలో కుక్కిన గుడ్డపేలికలు బయటికి లాగాడు. కట్టెలు కొడుతుంటే గొడ్డలి తగిలి రెండు వేళ్ళు పోయిన సంగతి తెలిస్తే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపిస్తారని, ఏడాదిగా ఇంటి బయట ఎవరికీ చూపని పాదాన్ని కూతురి ముందుకు చాపాడు.

“కాగితం ఇంకా ఉన్నదా బిడ్డా? నాక్కూడ రెండు వేళ్ళు అంటియ్యి.”