చిన్న పేపరు

"రేపట్నుంచి ఈడ పేపరెయ్యను నతానియేలన్నా. ఇంగ చాలు!"

పేపరు ఏజెంటు మద్దిలేటి మధ్యాహ్నం పూట వచ్చి సైకిలు స్టాండు వేస్తూనే ఆ మాట అనేశాడు. రేకుల పందిరి కింద నాపబండ మీద కూర్చున్న నతానియేలు చివ్వున లేచాడు. నంద్యాల సంజీవనగర్ సందులో పదిమందీ కూర్చుని పేపరు చదువుకునే చోటది. కంపౌండరు కొలువు నుంచి దిగిపోయాక ఆ బండను కనిపెట్టుకుని ఉండడమే ఆయనకు పని, పొద్దు, సంతోషం అన్నీ.

"ఏందప్పా అట్లంటావు? మీ నాయన కాలం నుంచి ఊరికే వేస్తాండారు గదా!"

"అప్పుడు చదివేటోళ్లుండిరి. ఇప్పుడు ఇంటింటికీ టీవీ వచ్చె. అంతెందుకు, దినామూ మా ఇంట్లోనే కట్టలు కట్టలు దిగుతాయి. మా మానస వాళ్లమ్మ ఒక్క పేపరన్నా ముట్టదు! పైగా జిల్లా వార్తలుండే చిన్న పేపరును ఈడ ఎవరో దినామూ ఎత్తకపోతాండారు. బజ్జీలు కట్టేదానికి నేనెందుకు వెయ్యల్ల?"

ఆ దొంగ కోసం నతానియేలు కాయని కాపలా లేదు. మధ్యాహ్నం కరెంటు పోతే చాలు, ఆయన అటు తిరిగేలోగా చిన్న పేపరూ పోయేది.

అంతలో ఎదురింటి టీవీ టక్కున ఆగిపోయింది. నతానియేలు గిరుక్కున వెనక్కి తిరిగాడు. పిండి డబ్బా చంకన పెట్టుకున్న ఆ సందులోని సుంకమ్మ, బండ చివర నుంచి చిన్న పేపరును డబ్బాలోకి తోస్తోంది.

"ఏయ్ సుంకమ్మా! దొరికినావు, నిలబడు!"

సుంకమ్మ నిలబడితే గదా! కొంగు బిగించి వెనక వీధిలోకి పరుగు తీసింది. నతానియేలు పంచె ఎగగట్టి వెంటపడ్డాడు. ఆ వెనక మద్దిలేటి.

సుంకమ్మ నేరుగా పిండి మిషను కొట్లో దూరింది. గడప దగ్గర నతానియేలు కాళ్లు ఆగిపోయాయి.

కరెంటు లేక మిషను ఆగిపోయింది. డబ్బాల మీద, గోనెసంచుల మీద కొట్టు నిండా ఆడవాళ్లు. ఎన్నికల ఫలితాలప్పుడు కూడా ఆయన బండ దగ్గర అంతమంది చేరింది లేదు. వాకిలికి వీపు పెట్టి కూర్చున్న ఒకామె సుంకమ్మ చేతిలోని చిన్న పేపరు అందుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"ఆళ్లగడ్డలో ఉలి పట్టిన మహిళ. అమ్మవారి విగ్రహం చెక్కి..."

"ఓయమ్మ! రాయి చెక్కేది మొగోళ్లే అనుకుంటిమే! మళ్లీ చదువక్కా!"

నతానియేలుకు కోపం ఎటు పోయిందో తెలియదు. కళ్లు చెమ్మగిల్లాయి.

"అడిగింటే నేనే ఇస్తాంటి గదా సుంకమ్మా! ఈ దొంగతనమెందుకు?"

"అడిగితే ఆడనే కూచోని చదవమంటావు. ఆ మొగోళ్ల మధ్యలో మేము యాడ కూచోవల్లప్పా?"

ఇన్నేళ్లలో ఆ బండ మీద ఒక్క ఆడమనిషి కూర్చోలేదన్న సంగతి నతానియేలుకు అప్పుడే తట్టింది. సిగ్గేసింది. అంతకు మించి సంతోషమేసింది. మద్దిలేటి భుజం పట్టి ఊపాడు.

"చూడప్పా! చదివేటోళ్లు లేరంటివే! వీళ్లంతా ఎవరు మరి?"

మద్దిలేటి నోరు తెరుచుకుని ఆ చదివే ఆమె వీపు కేసే చూస్తున్నాడు.

ఆమె పేపరును మడత చెడకుండా మడిచి, తీరిగ్గా ఇటు తిరిగింది.

"ఇంట్లో ముట్టుకుంటే మడత నలుగుతాదని అరుస్తావని ఈడికొచ్చి చదువుకుంటాండా మానస వాళ్ల నాయనా! రేపట్నుంచి ఆ బండకొకటి, ఈ మిషనుకొకటి వెయ్యి!"