తెల్ల ఫోను, నల్ల ఫోను

"నా దరఖాస్తు సంగతి ఏమైంది సార్?" అని అసిస్టెంటు అమ్మాయి అడగడం ఈ వారంలో అది నాలుగోసారి.

ప్రొఫెసర్ గారు కాగితాల్లోంచి తలెత్తలేదు. "చూద్దాంలే అమ్మాయ్. ఒక్క పోస్టుకి ఎంతమంది పెట్టారో తెలుసా? ముందు నువ్వెళ్ళి ఫోన్ల దగ్గర కూర్చో."

ఆయన గదికి అడ్డంగా ఉన్న చెక్క గోడ ఇవతలికి వెళ్ళి కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ కాళ్ళు కుదురుగా లేవు. ఆమె తాత్కాలిక ఉద్యోగం ఈ సాయంత్రంతో సరి. ఇదే ఆఫీసులో పర్మనెంట్ పోస్టు ఉందని పేపర్లో పడితే తనూ పెట్టుకుంది. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ, ఇవాళైనా తేలుస్తారంటావా అని అడిగింది. ఏం చెప్పాలో తోచక చెప్పులేసుకుని వచ్చేసింది.

ఉద్యోగమిచ్చేవాళ్ళు మనిషిని చూస్తారా, మనిషి ఉండే పేటని చూస్తారా అన్నది ప్రొఫెసర్ గారి పరిశోధన. పేపర్లో పడ్డ ప్రతి ప్రకటనకీ, అది ఎవరిదైనా సరే, లేని మనుషుల పేర్లతో ఆమె రెండు దరఖాస్తులు పంపాలి. చదువు ఒకటే, మార్కులు ఒకటే. చిరునామా మాత్రం ఒకదానికి సరస్సు గట్టు, ఇంకోదానికి రైలు కట్ట. గట్టు వాళ్ళకి పిలుపొస్తే బల్ల మీద తెల్ల ఫోను మోగుతుంది, కట్ట వాళ్ళకొస్తే నల్లది. ఆ పేర్లూ, ఫోను నంబర్లూ తెలిస్తే తన మనసు ఎటైనా మొగ్గుతుందని ప్రొఫెసర్ గారు వాటిని చూడనే చూడరు. అంత నిక్కచ్చి మనిషి.

రైలు కట్ట చిరునామా కోసం ఆమె వెతుక్కోలేదు, సొంత వీధిదే రాసేసింది. రెండింటికీ మార్కులు కూడా తనవే, కాకపోతే నాలుగు తగ్గించి వేసింది.

మూడు నెలల్లో తెల్ల ఫోను నలభై ఒక్కసార్లు మోగింది. నల్లది ఆరుసార్లు, అందులో రెండు రాంగ్ నంబర్లు. పాడైందేమోనని ఒకసారి తన సెల్ నుంచి చేసి కూడా చూసింది. శుభ్రంగా మోగింది.

చెక్క గోడ అవతల ప్రొఫెసర్ గారు పొడిగా దగ్గారు. కాసేపటికి తెల్ల ఫోను మోగింది.

పరధ్యానంగా ఎత్తింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

"నమస్కారమండీ. మీ దరఖాస్తు మాకు బాగా నచ్చింది. సోమవారం ఒకసారి రాగలరా? వచ్చి చేరిపోవడమే అనుకోండి."

ఇలాంటప్పుడు వేరే ఉద్యోగం దొరికిందని చెప్పి పెట్టేయాలన్నది నియమం. ఆమె ఆ మాటే చెప్పబోయింది. అంతలో ఫోన్లో దగ్గు వినిపించింది. చెక్క గోడ అవతలా అదే దగ్గు.

ఇందాకటి నుంచీ ఊగుతున్న కాళ్ళు ఆగిపోయాయి. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"సరస్సు గట్టు నుంచి మా ఆఫీసుకి మీకు దూరమవుతుందేమో?" అన్నారాయన.

"దూరమేముంది సార్," అంది ఆమె. "చెక్క గోడకి ఇవతలే ఉన్నాను."