గురువారం బాబాయి

గురువారం ఉదయం లైబ్రేరియన్ ఒక కుర్చీని శుభ్రంగా తుడిచి తన బల్ల పక్కకు లాక్కుంది. మిగతా ముప్ఫైతొమ్మిది కుర్చీలకు ఆ అదృష్టం లేదు. వాటిమీద దుమ్ము వాటిమీదే ఉంది.

మెడికల్ కాలేజీ లైబ్రరీకి ఇప్పుడు ఎవరొస్తారు? విద్యార్థులు ఏది కావాలన్నా ఫోనులోనే వెతుక్కుంటున్నారు. డాక్టర్లకు ఇంట్లోనే అన్నీ దొరుకుతున్నాయి. అటెండరు రిటైరయ్యాక ఆ ఉద్యోగంలోకి ఇంకొకరిని తీసుకోలేదు. రోజంతా ఆమె, ఒక కంప్యూటరు, కిర్రుమనే ఫ్యాను. కొన్ని రోజులైతే ఆమె నోరు విప్పేది సాయంత్రం బస్సులో టిక్కెట్టు అడగడానికే.

అందుకే ఆమెకు గురువారమంటే ప్రాణం. గడియారాలు బాగుచేసే ఒకాయన దుకాణానికి ఆ రోజు సెలవు. ఆయన లైబ్రరీకి వచ్చేది ఆ రోజే.

ఆరేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. దానిమీద డాక్టరు చేతిరాతలో నోరు తిరగని జబ్బు పేరు.

"మా ఆవిడ జబ్బమ్మా. దీనికి ప్రపంచంలో ఎక్కడా మందు లేదన్నారు. నిజమేనేమో కాస్త చూసిపెడతారా?"

ఆమె కంప్యూటరులో ఒక సైటు తెరిచి చూసిపెట్టింది. ప్రపంచంలో అచ్చయిన వైద్య పరిశోధన వ్యాసాలను ఒక్కచోట వెతికిపెట్టే సైటు అది. అందులో కోట్ల వ్యాసాలున్నాయి. ఈ జబ్బు మీద మాత్రం పదకొండే వచ్చాయి. ఓపిగ్గా అన్నీ చదివి చెప్పింది. ఒక్కదానిలోనూ మందు ఊసు లేదు.

"కొత్తవి చేరుతూనే ఉంటాయండి. వచ్చే వారం మళ్ళీ చూద్దాం," అంది, ఆయన మొహంలోకి చూడలేక.

ఆయన వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. వాన పడినా, ఒంట్లో బాగాలేకపోయినా మానలేదు. రాగానే రిజిస్టరులో సంతకం చేసి, 'వచ్చిన పని' అన్న గడిలో 'భార్య జబ్బు' అని రాసేవాడు. ఆమె వెతికినంతసేపూ ఊపిరి బిగబట్టి తెరవైపే చూసేవాడు. "కొత్తగా ఏమీ లేదండి," అనగానే భుజాలు వదులు చేసుకుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, అడగకపోయినా గోడగడియారానికి కీ ఇచ్చి వెళ్ళేవాడు. అంత దెబ్బ తిని కూడా అంత నిబ్బరంగా ఉండే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

మాటల్లో మాటగా ఆయన బాబాయి అయ్యాడు. ఎన్నడూ చూడని ఆవిడ పిన్ని అయింది. పిన్నికి చలి పడదనీ, కోపం ముక్కు మీదే ఉంటుందనీ తెలిసింది.

"పిన్నిగారికి ఎలా ఉంది బాబాయ్?"

"మార్పేం లేదమ్మా."

ఆ పిన్నిని తలచుకుంటే ఆమెకు ఒక్కోసారి అసూయగా కూడా ఉండేది. తనకు జ్వరమొస్తే థర్మామీటరు తనే పెట్టుకుని తనే చూసుకోవాలి. తన కోసం ఆరేళ్ళు వెతికే మనిషి సంగతి దేవుడెరుగు, ఆరు నిమిషాలు వెతికేవాళ్ళు కూడా లేరు.

నిన్న మధ్యాహ్నం ఊసుపోక ఆ పదకొండు వ్యాసాల్లో అన్నిటికంటే పాతదాన్ని మళ్ళీ తెరిచింది. చివర్లో, దాన్ని రాసినవాళ్ళు చదివిన వ్యాసాల జాబితాలో ఒక పాత వ్యాసం కనబడింది. దాన్ని పట్టుకుని వెళితే లక్షణాలన్నీ ఈ జబ్బువే. జబ్బు పేరు మాత్రం వేరు.

జబ్బులకు పేర్లు మారుతుంటాయి. పాత పేరుతో అచ్చయినవి కొత్త పేరుతో వెతికితే ఒక్కోసారి దొరకవు. ఏటా కొత్త విద్యార్థులకు ఆమె చెప్పే మొదటి పాఠమే అది. ఆరేళ్ళలో తనకే తట్టలేదు.

పాత పేరు కొట్టింది. తొమ్మిది వ్యాసాలు వచ్చాయి. మూడోదానిలో మందు ఉంది.

ఇంటికెళుతూ బస్సులో పక్కసీటు ఆవిడను చూసి ఊరికే నవ్వింది. ఆవిడ పర్సు దగ్గరికి లాక్కుంది.

ఇవాళ బాబాయి వచ్చి కూర్చోగానే కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

"దొరికింది బాబాయ్."

ఆయన కాగితాల వంక చూడలేదు. ఆమె వంకే చూశాడు.

"ఏం దొరికింది?"

"మందు. ఏడుగురికి వాడితే ఆరుగురు లేచి తిరిగారు. ఏ మందుల షాపులోనైనా ఉండేదే. జబ్బుకి పాత పేరొకటి ఉంది, అందుకే మనకి కనబడలేదు."

"ఇది ఎప్పటిదమ్మా?"

"పద్నాలుగేళ్ళ కిందటిది. పాతదని భయపడకండి. ఆ ఆరుగురూ తర్వాత కూడా బాగానే ఉన్నారని రాశారు."

"అంటే, అప్పటికే ఉందన్నమాట."

"ఉంది బాబాయ్. చూసినవాళ్ళు లేరంతే."

వెంట్రుకంత స్ప్రింగును ఒక్కసారికే అమర్చే ఆ వేళ్ళు కాగితాలను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాయి. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని ఆమె మంచినీళ్ళు అందించింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళకు ఒకళ్ళకు పనికొచ్చానన్న తృప్తి అది.

ఆయన నీళ్ళు ముట్టుకోలేదు. గోడగడియారం వైపు చూడకుండానే లేచాడు.

"వచ్చే గురువారం పిన్నిగారిని కూడా తీసుకురండి. మెట్లెక్కలేకపోతే నేనే కిందికి వస్తాను," అంది ఆమె.

ఆయన తలుపు పట్టుకుని ఆగాడు.

"మీ పిన్ని పోయి ఆరేళ్ళయిందమ్మా, చేయగలిగిందేమీ లేదని మీ నోట వినడానికే ఇన్నాళ్ళూ వచ్చాను."