టెస్ట్ రైడ్‌కు ఐడీ కార్డు

"గుట్టలెక్కడానికీ దిగడానికీ ఒకే సైకిల్ కావాలి. ముందు షాక్ అబ్జార్బర్లుంటే సరిపోతుందా, వెనక కూడా ఉండాలా?" అడిగింది శ్రీదివ్య.

పటాన్‌చెరులో సైకిళ్ల దుకాణం నడిపే వసీమ్ రెండు రకాలూ బయటికి తీశాడు. "తొక్కితెనే ఎరుకైతది మేడం. ఐడీ కార్డు ఇచ్చి పోండ్రి."

కార్డును కాసేపు చదివి, దుకాణం వెనక సందు చూపించాడు. "సక్కగ గిట్ల పోతే మంచి ట్రాక్ తగుల్తది."

మొదటి సైకిల్ మీద వెళ్లి నడుం పట్టుకుని వచ్చింది. రెండోదాని మీద వెళ్లి నవ్వుతూ వచ్చింది.

"ఇదే ఇచ్చేయండి. వెనక షాక్ లేకపోతే ఆ గుంటల్లో మనిషి మిగలడు. ఆ కంకరేంటి, ఆ ఎత్తుపల్లాలేంటి! అంత కష్టమైన ట్రాక్ ఎవరు చేశారండీ?"

"అది ట్రాక్ గాదు మేడం. పోయినేడు కంపెనీ బస్సుల కోసం ఏసిన రోడ్డు. మొదటి వానకే తారు కొట్టుకపోయింది. ఒక్కపారి వచ్చి సూడకుండనే మంచిగున్నదని సంతకం వెట్టిన్రు."

వసీమ్ కార్డు తిరిగిచ్చాడు. ఫొటో కింద 'రోడ్ల నాణ్యత తనిఖీ ఇంజనీరు' అని ఉంది.

"రోడ్డు బోర్డు మీద గిదే పేరున్నది. బిల్లు గూడ గిదే పేరు మీద రాయమంటరా?"