ముల్లుకి వెయ్యి రాండ్లు

పోయినసారి లెసిబా ఇంట్లో పెట్టిన పాట, గొంతు పట్టేసిన మేక అరిచినట్టు వినిపించింది.

మామెలోడీ ఊళ్లో జాజ్ క్లబ్బు వాళ్లు ప్రతి ఆదివారం ఒక్కో సభ్యుడి ఇంట్లో చేరతారు. మడత నలగని సూట్లు, రెండు రంగుల బూట్లు వేసుకొచ్చి పాత రికార్డులు వింటూ అడుగులేస్తారు.

"మళ్లీ నీ వంతు వచ్చేలోగా పాటల సెట్టు మార్చరా. లేదంటే నీకిక వంతే ఉండదు," అని క్లబ్బు పెద్ద ఫాషా అందరి ముందే అనేశాడు.

లెసిబాకి తల కొట్టేసినట్టయింది. చీటీ డబ్బు ఆరువేల రాండ్లు పట్టుకుని మరబస్తాడ్‌లో పాత రేడియోల కొట్టుకి వెళ్లాడు.

"ఆ బీరువాలంత స్పీకర్లు ఇచ్చెయ్. మిగిలినదాంట్లో ఏదొస్తే అది!" అన్నాడు కొట్టువాడితో.

కొట్టు ముందు కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వాడు.

"ఏం తాతా, నీ సొమ్మేం పోయింది?"

"నాదేం పోలేదు నాయనా, నీదే పోతోంది. పిండి లేకుండా ఎంత పెద్ద కుండ పెడితే మాత్రం సంకటి ఉడుకుతుందా?"

"మరేం చెయ్యమంటావు?"

"సగం డబ్బు రికార్డు తిప్పే యంత్రానికి పెట్టు, అందులో వెయ్యి దాని ముల్లుకే. తక్కిన సగంలో యాంప్లిఫయరు, చిన్న స్పీకర్లు. ముల్లు పట్టుకోని పాటని స్పీకర్లు ఎక్కణ్ణుంచి తెస్తాయి?"

"ముల్లుకే వెయ్యి రాండ్లా? చోద్యం!" అంటూనే లెసిబా మెత్తబడ్డాడు.

ముసలాయన ఒక్కోదాన్నీ మోగించి, చెవి ఒగ్గి విని మరీ ఏరాడు.

"మా జాజ్ క్లబ్బు ముందు నా పరువు నిలబెడుతున్నావు. నీకేమివ్వను తాతా?"

"ఏమీ వద్దు. ఆదివారం వచ్చి ఒక్క పాట విని పోతా."

లెసిబా ఆయన చిరుగుల కోటూ, టైరు చెప్పులూ చూశాడు. క్లబ్బువాళ్లు ఆడిపోసుకోరూ?

"ఈ ఆదివారం మా ఇంట్లో కాదు తాతా, వచ్చే నెల," అని అబద్ధమాడేశాడు.

"అలాగేలే నాయనా. నెలెంతలో వస్తుంది!"

ఆదివారం ఇల్లు కిటకిటలాడింది. ఫాషా అందరికీ కంఠతా వచ్చిన రికార్డే పెట్టాడు. నాలుగడుగులు వేసి అందరూ ఆగిపోయారు.

"ఒరేయ్ లెసిబా! బాకా వెనక దుమ్ దుమ్మని ఏదో నడుస్తోంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందిరా ఇది?" అన్నాడొక సభ్యుడు.

"డబుల్ బాస్ రా అది, నిలువెత్తు తీగల వాద్యం! ముల్లు మంచిదైతేనే వినబడుతుంది," అంటూ ఫాషా లెసిబాని కావలించుకున్నాడు. జింజర్ బీరు పంచుతున్న లెసిబా భార్య మోక్గాడి మురిసిపోయింది.

లెసిబా గాలిలో తేలిపోయాడు. "ఎవరు బాబాయ్ వాయించింది?"

"మసెమోలా అని ఒక పెద్దాయన. అట్ట మీద పేరైనా వెయ్యలేదు పాపం. తన వాయింపు వినడానికి ఇంట్లో యంత్రం కూడా లేదు."

"మరి మన క్లబ్బుకి పిలవలేదా?"

"పిలవకేం! 'నా తీగ పలకని సెట్టు దగ్గరికి నేనెందుకురా' అని ఎవరింటికీ రాడు."

"అయ్యో, ఎక్కడుంటాడు? ఇప్పుడే వెళ్లి తీసుకొస్తా!"

"ఆదివారం ఎక్కడుంటాడో ఎవరికి తెలుసురా? మిగతా రోజుల్లో మాత్రం మరబస్తాడ్‌లో పాత రేడియోల కొట్టు ముందు కూర్చుని, వచ్చినవాళ్లకి ఏది కొనాలో ఊరికే చెబుతుంటాడు."