కాగితంలో లేని మాట

పెద్దాయన ఫోను గురువారం ఉదయం పది గంటలకు వస్తుంది. మూడేళ్ళుగా ఒక్క వారం కూడా తప్పలేదు. ముప్పై ఏడో నంబరు కుర్చీలో ఆమె పావుగంట ముందే హెడ్‌ఫోన్ తగిలించుకుని, గొంతు సవరించుకుని సిద్ధంగా ఉంటుంది.

చనిపోయారని ప్రభుత్వం ప్రకటించిన ప్రతి మనిషికీ ఆమె కూర్చునే హాల్లో ఒక కుర్చీ ఉంది. అయినవాళ్ళు ఫోను చేస్తే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు పోయిన మనిషిగా మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి ఇస్తారు. కాగితంలో లేని మాట ఒక్కటి దొర్లినా సరే, అవతల ఫోను పట్టుకున్న మనిషిని సాయంత్రానికల్లా ఇంట్లోంచి తీసుకుపోతారు.

పెద్దాయన తాపీ పని చేస్తాడు. తల్లి లేని పిల్లని ఒంటిచేత్తో పెంచాడు. ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన రోజు పనికి వెళ్ళిన ఆ పిల్ల తిరిగి రాలేదు. నాలుగో రోజు ప్రభుత్వ ఆఫీసువాళ్ళు వచ్చి, మూత బిగించిన బూడిద డబ్బా ఒకటి, ఈ ఫోను నంబరు ఒకటి ఆయన చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు.

ఆయన చెప్పేవన్నీ చిన్న సంగతులే. వంటింటి గోడ చెమ్మ పట్టింది, మోకాలు పట్టేసింది, కూర అడుగంటింది. ఆ కబుర్లంటే ఆమెకి ప్రాణం. ఆయన దగ్గినప్పుడల్లా మందు వేసుకున్నావా అని కసరాలనిపించేది. కాగితంలో మాత్రం "తమరి ఆరోగ్యం జాగ్రత్త నాన్నగారూ" అని ఉండేది. అది రాసిన గుమాస్తా, తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోగా ఎప్పుడూ విన్నట్టు లేదు, పాపం.

ఈ గురువారం ఆయన గోడ ఊసే ఎత్తలేదు.

"ఇదే ఆఖరి ఫోనమ్మా," అన్నాడు.

ఎవరూ ఫోను చెయ్యని కుర్చీని నెల తిరిగేలోగా ఖాళీ చేయిస్తారు. పక్క వరసలో రెండు అలాగే ఖాళీ అయ్యాయి. వాటిలో కూర్చున్న ఇద్దరూ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

ఆమె కాగితమంతా వెతికింది. అదృష్టం, ఒక వాక్యం దొరికింది. "ఎందుకలా అంటున్నారు నాన్నగారూ?"

"నీ తప్పేం లేదు తల్లీ. గొంతు అచ్చు దానిదే. ఎలా నేర్పారో గానీ, మొదటి రోజు ఫోను జారవిడిచాను. కానీ అది నన్ను ఏనాడూ నాన్నగారూ అనలేదు. ఏమని పిలిచేదో చెప్పను. చెబితే అది కూడా రాసేసుకుంటారు మీవాళ్ళు."

కాసేపు దగ్గాడు.

"బిడ్డ పోతే ఏడవాలి గానీ, ఇంకొకరి బిడ్డని అద్దెకి తెచ్చుకుని కబుర్లు చెప్పుకుంటారా? దానికి అన్యాయం చేస్తున్నాననిపించింది. నిన్న ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఈ మూడేళ్ళలో మొదటిసారి ఏడ్చాను."

ఆమె పెదవులు కదిలాయి. సూపర్‌వైజరు తల తిప్పి చూశాడు. ఆమె మళ్ళీ కళ్ళు కాగితం మీదికి దించుకుంది.

నీకూ తండ్రి ఉండే ఉంటాడు, ఆయనతో మాట్లాడుకో తల్లీ అన్నాడు పెద్దాయన.

ఆమె కాగితంలో చివరి వాక్యం చదివింది. "మీ ఆశీస్సులే నాకు కొండంత అండ నాన్నగారూ."

ఆయన చిన్నగా నవ్వి ఫోను పెట్టేశాడు. బల్ల మీద, లైను కలిసి ఉన్నంతసేపూ వెలిగే పచ్చ దీపం ఆరిపోయింది.

అవతల ఇంక ఎవరూ లేరని రూఢి అయ్యాక, ఆమె మైకుని పెదాలకి ఆనించుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా, "మేస్త్రీ, ఆ డబ్బాలో ఉన్నది నేను కాదు" అంది.